ఒక గది, మూడు తరగతులు, నాలుగు నియమాలు: ప్రాజెక్టు డైరీ

విజయనగరం జిల్లాలో గజపతినగరం వైపున్న ఒక పల్లె ప్రాథమిక పాఠశాల మాది. రెండు గదులు, ఇద్దరం ఉపాధ్యాయులం. నా గదిలో ఒకటి, రెండు, మూడు తరగతుల పిల్లలు ఇరవై ఏడు మంది కలిసి కూర్చుంటారు. తల్లిదండ్రుల్లో చాలామంది జనపనార మిల్లులకో, విశాఖపట్నంలో కట్టుబడి పనులకో వెళ్తారు. పిల్లలు తాతయ్య, నాయనమ్మల దగ్గర పెరుగుతుంటారు. ఇలాంటి గదులు ఉత్తరాంధ్రలో చాలా ఉన్నాయి. ఇక్కడ పనిచేసినదాన్ని ఎవరైనా తీసుకోవచ్చు. పనిచేయనిదాని మీద వాళ్ళ జూలై నెల పోకూడదనే ఇది రాస్తున్నాను.

కావలసినవి: ఫోనులో స్టాప్‌వాచ్, ఒక నోటు పుస్తకం, చార్టు కాగితాలు, స్కెచ్ పెన్నులు, పసుపు రంగు ఎనామెల్ పెయింటు చిన్న డబ్బా, బ్రష్షు, కుళాయి ఉన్న ఇరవై లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్ము, కొన్ని చెక్క ముక్కలు.

దశ 0: కొలత (జూన్ మూడో వారం)

మొదట శబ్దం కొలిచాను. డెసిబెల్ చూపే ఆప్ వేసి ఫోనును కిటికీ గూట్లో పెట్టాను. రేకుల వరండా మీద వాన పడితే అంకె పెరిగింది. రెండో తరగతి పిల్లలు గొంతు కలిపి పాఠం చదివినా, వెనక బల్ల దగ్గర ఇద్దరు జుట్లు పట్టుకున్నా దాదాపు ఒకటే అంకె. ఆ లెక్క దేనికీ పనికిరాదు. అసలు గది నిశ్శబ్దంగా ఉండాలన్నది మా లక్ష్యం కూడా కాదు. ఆరేళ్ళ పిల్లలు నోరు విప్పి అక్షరం పలకాలి, ఎక్కాలు పాడాలి, పక్కవాడికి చెప్పి చూపించాలి. చదువు జరిగే గదిలో చప్పుడు ఉంటుంది. అందుకని శబ్దాన్ని వదిలి నిమిషాలను పట్టుకున్నాం.

కొలిచిన తీరు:

1. గంట కొట్టగానే స్టాప్‌వాచ్ మొదలు. ఆఖరి పిల్ల పలకో పుస్తకమో ముందు పెట్టుకుని కూర్చున్నాక ఆపాలి.
2. పాఠం మధ్యలో ఆగిన ప్రతిసారీ ఎంతసేపు ఆగామో, ఎందుకు ఆగామో ఒక్క మాటలో రాయాలి.
3. వారాంతంలో కారణాల వారీగా కూడి, రోజు సగటు తీయాలి. కూడికలు మూడో తరగతి పిల్లలే నల్లబల్ల మీద చేశారు. తమ గది లెక్క కావడంతో తప్పు పోతే వాళ్ళే పట్టుకున్నారు.

రోజుకు సగటున పోతున్న నిమిషాలు:

ప్రార్థన తరువాత గదిలో కుదురుకోవడం: 11
పెన్సిలు, బలపం, పుస్తకం వెతుక్కోవడం: 8
నీళ్ళకు, బయటికి వెళ్ళిరావడం: 9
భోజనం తరువాత మళ్ళీ కూర్చోవడం: 12
ఫిర్యాదులు, తీర్పులు: 10
మొత్తం: 50

విద్యా హక్కు చట్టం (2009) షెడ్యూలు ప్రకారం ఒకటి నుంచి ఐదో తరగతి దాకా ఏడాదికి 200 పని దినాలు, 800 బోధన గంటలు ఉండాలి. రోజుకు 50 నిమిషాల చొప్పున 200 రోజులకు 10,000 నిమిషాలు, అంటే 166 గంటల 40 నిమిషాలు. ఆ 800 గంటల్లో ఐదో వంతు కన్నా ఎక్కువ. ఎవరూ ఎగ్గొట్టకుండానే, ఎవరూ అల్లరివాళ్ళు కాకుండానే, గట్టుకు ఎండ్రకాయలు బొరియలు పెట్టిన మడిలో నీళ్ళలా ఇంత చదువు జారిపోతోంది. ఇంట్లో చదివించేవాళ్ళు లేని పిల్లలకు బడి గంటలు తప్ప వేరే గంటలు లేవు. క్రమశిక్షణ అనే మాట కన్నా ఈ లెక్కే నన్ను ఈ పనిలోకి దించింది.

దశ 1: గోడ మీది చార్టును దించడం

గది గోడకు పాత చార్టు ఒకటి ఉండేది. పన్నెండు నియమాలు, పెద్ద అక్షరాలు, తలుపు పైన కమ్మీకి దగ్గరగా. "క్రమశిక్షణ పాటించవలెను", "నిశ్శబ్దముగా నుండవలెను", "పరుగెత్తరాదు", "పెద్దలను గౌరవించవలెను" అని ఇలా సాగుతుంది. దాన్ని తీసేయడానికి ముందు ఒక పరీక్ష పెట్టాను. "క్రమశిక్షణ పాటించి చూపించండి" అన్నాను. ఒకమ్మాయి చేతులు కట్టుకుంది. ఒకబ్బాయి నోటి మీద వేలు వేసుకున్నాడు. ఇంకొకడు లేచి నిలబడ్డాడు. మిగతావాళ్ళు వీళ్ళ ముగ్గురినీ చూస్తూ ఉండిపోయారు.

ఈ పరీక్ష ఎవరైనా తమ గదిలో పెట్టి చూడవచ్చు. నియమం చెప్పి చేసి చూపించమంటే అందరూ ఒకే పని చేయాలి. అలా చేయలేదంటే అది పిల్లల చేతికి అందే నియమం కాదు. పెద్దలను గౌరవించడం మంచి మాటే. అది ఏళ్ళ తరబడి పెంపకంలో వచ్చే గుణం. పొద్దున తొమ్మిది గంటలకు గుమ్మం దగ్గర ఏం చేయాలో అది చెప్పదు.

పన్నెండింటినీ ఈ నాలుగు ప్రశ్నలతో జల్లెడ పట్టాం:

1. చేసి చూపించగలమా?
2. ఎక్కడ, ఎప్పుడు అన్నది తెలుస్తుందా?
3. "చేయవద్దు" అనకుండా "చేద్దాం" అని చెప్పగలమా?
4. నిమిషాలు పోయే ఆ ఐదు చోట్లలో ఏదో ఒకదానికి పనికొస్తుందా?

ఒక్కటీ నిలబడలేదు. పిల్లలతో కూర్చుని కొత్తవి నాలుగు రాశాం:

చెప్పులు గీత మీద విడుద్దాం.
చప్పట్లు వినగానే చేతులు ఆపి విందాం.
తీసిన వస్తువు తీసిన చోటే పెడదాం.
ఎవరైనా ఇబ్బంది పెడితే ముందు వాళ్ళకే చెబుదాం, ఆగకపోతే మాస్టారికి చెబుదాం.

ఐదోది కూడా ఉండాలని రెండో తరగతి వాళ్ళు పట్టుబట్టారు. ఒకటో తరగతి పిల్లలను వరుసగా చెప్పమంటే నాలుగు దాకా వేళ్ళ మీద వచ్చాయి. ఐదోది చేరిస్తే మూడోది జారిపోయింది. నాలుగుతో ఆపాం.

ఒకటో తరగతికి చదవడం రాదు కాబట్టి ప్రతి నియమానికీ బొమ్మ ఉండాలి. బొమ్మలు మూడో తరగతి వాళ్ళు గీశారు. చార్టు మధ్యభాగం నేల నుంచి మీటరు ఎత్తులో ఉండేలా అంటించాం. ఒకటో తరగతి పిల్లల కళ్ళు ఇంచుమించు ఆ ఎత్తులోనే ఉంటాయి. పెద్దలకు వంగి చదవాల్సి వస్తుంది, ఫరవాలేదు.

నిమిషాలు: 50. ఖర్చు: చార్టులకు, స్కెచ్ పెన్నులకు 60 రూపాయలు.

దశ 2: చెప్పుల గీత (జూలై మొదటి వారం)

నియమం చెప్పాం, చేసి చూపించాం, అయినా పనిచేయలేదు. గుమ్మం ఒక్కటే. ఇరవై ఏడు మందీ అక్కడే వంగి చెప్పులు విడుస్తుంటే వెనకవాళ్ళు తోసేవాళ్ళు. చెప్పులు కుప్ప పడేవి. సాయంత్రం "నా చెప్పు కనిపించడం లేదు మాస్టారూ" అని మళ్ళీ గొడవ. సుద్దముక్కతో గీసిన గీత మొదటి వానకే పోయింది. ముగ్గుపిండి గీత పాదాలకు అంటుకుని గదిలోకి వచ్చింది.

రోజూ ఇక్కడ అరుచుకుంటూ పోవచ్చు. కానీ ఇరుకు గుమ్మానికి పిల్లలు ఏం చేస్తారు? మార్చాల్సింది చోటును:

1. వరండా పొడవు కొలిచాం, 6.5 మీటర్లు. జత చెప్పులకు 20 సెంటీమీటర్ల చొప్పున ఇరవై ఏడు జతలకు 5.4 మీటర్లు కావాలి. సరిపోయింది.
2. గీతను గుమ్మానికి కొంచెం దూరం నుంచి మొదలుపెట్టి, గోడ వెంట పెట్టాం. గుమ్మం ముందు ఖాళీ వదలాలి.
3. సిమెంటు నేలను ముందు వైరు బ్రష్షుతో రుద్ది కడగాలి. దుమ్ము మీద వేసిన గీత వారంలోపే పొరలుగా లేచింది.
4. పసుపు ఎనామెల్ పెయింటు శనివారం సాయంత్రం వేయాలి. వానాకాలపు తేమకు పూర్తిగా ఆరడానికి మర్నాడు దాకా పట్టింది.
5. గుమ్మానికి దగ్గరి భాగం ఒకటో తరగతిది, దూరపు భాగం మూడో తరగతిది.

జతల చోట్లకు పేర్లు రాద్దామని పిల్లలు అన్నారు. రాయనివ్వలేదు. చెప్పులు లేకుండా వచ్చే పిల్లలు కొందరున్నారు. పేరు రాసిన చోటు ఖాళీగా ఉంటే రోజూ బడి అంతా చూస్తుంది. ఈ వివరం చిన్నదే అయినా మీ బడిలో కూడా దయచేసి గుర్తుపెట్టుకోండి.

కుదురుకునే సమయం 11 నుంచి 6 నిమిషాలకు తగ్గింది.

నిమిషాలు: 45. ఇప్పటిదాకా ఖర్చు: 180 రూపాయలు.

దశ 3: చప్పట్లు

పలక మీదికి వంగి రాస్తున్న పిల్ల మాస్టారు ఎత్తిన చెయ్యిని చూడదు. చెయ్యెత్తి నిలబడటం అందుకే పనిచేయలేదు. "సైలెన్స్" అని అరవడం వల్ల గదిలో ఇంకొక గొంతు చేరింది, అంతే. బల్ల మీద కర్రతో కొడితే పిల్లలు ఉలిక్కిపడ్డారు. ఉలిక్కిపడిన పిల్ల వినదు, చూస్తుంది.

మా పిల్లలకు తప్పెటగుళ్ళు తెలుసు. ఊళ్ళో గొల్ల కళాకారులు రొమ్ముకు కట్టుకున్న తప్పెటల మీద వాయించే దరువు వాళ్ళ కాళ్ళలోనే ఉంది. అందులోంచి ఒక చిన్న దరువు తీసుకున్నాం. నేను సగం చప్పట్లు కొడతాను, పిల్లలు మిగతా సగం కొట్టి ముగిస్తారు. చప్పట్లు కొట్టాలంటే చేతిలోది కింద పెట్టాలి కదా. అందుకే చేతులు వాటంతట అవే ఆగాయి.

నేర్పిన తీరు:

1. గొడవ లేని సమయంలో మొదలుపెట్టాలి. మేం పొద్దున ప్రార్థన అయ్యాక ఆటలా ఆడాం.
2. ముందు కూర్చుని, తరువాత రాస్తూ ఉండగా, తరువాత గది అంతా తిరుగుతూ ఉండగా సాధన చేయించాలి.
3. దరువు అయ్యాక చెప్పే మాట పొట్టిగా ఉండాలి. నాలుగు వాక్యాలు దాటితే గది మళ్ళీ కదిలింది.

మొదట్లో దరువు మొదలైనప్పటి నుంచి గది ఆగే దాకా 40 సెకన్లు పట్టేది. రెండు వారాలకు 9 సెకన్లకు వచ్చింది. తరువాత ఒక దశలో మళ్ళీ 25కి పెరిగింది. నోటు పుస్తకం చూస్తే కారణం తెలిసింది. అది పనిచేస్తోంది కదా అని వాడకం పెరిగిపోయింది. రోజుకు నాలుగు సార్లకు మించి కొట్టకూడదని గీత గీసుకున్నాక మళ్ళీ పదిలోపుకు వచ్చింది. ఇంకొక ఇబ్బంది కూడా వచ్చింది. గోడ అవతల నాలుగు, ఐదు తరగతుల వాళ్ళు కూడా మా దరువుకు చప్పట్లు ముగించసాగారు. మా సహోపాధ్యాయిని వాళ్ళ గదికి వేరే దరువు ఎంచుకున్నారు.

ఈ దశకు విడిగా నిమిషాల లెక్క రాయలేదు. దీని ఫలితం మిగతా దశలన్నిటిలో కలిసిపోయింది.

దశ 4: నీళ్ళు, బయటికి వెళ్ళడం (జూలై, ఆగస్టు)

అన్ని దశల్లో జాగ్రత్తగా చదవాల్సింది ఇదే.

బయటికి వెళ్ళేటప్పుడు తీసుకెళ్ళడానికి ఒక రంగు చెక్క ముక్క పెట్టాం. అది కొక్కేనికి ఉంటే ఎవరైనా వెళ్ళవచ్చు, లేకపోతే తిరిగి వచ్చేదాకా ఆగాలి. నన్ను అడగాల్సిన పని లేదు. లెక్కలో అద్భుతంగా కనిపించింది. వారంలో 9 నిమిషాలు 3 అయ్యాయి.

అప్పుడు ఒకటో తరగతి బాబు ఒకడు, చెక్క ముక్క కొక్కేనికి లేదని, కూర్చున్న చోటే బట్టలు తడుపుకున్నాడు. నవ్వినవాళ్ళున్నారు. మర్నాడు వాడు బడికి రాలేదు. నాయనమ్మ వచ్చి, "చెక్క రాలేదట మాస్టారూ, అందుకని లేవలేదట" అంది. ఆమె గొంతులో కోపం లేదు. వాడు నియమాన్ని అంత నిక్కచ్చిగా పాటించాడు. నియమాలు నేర్పడంలో ఉన్న బరువు నాకు అక్కడ తెలిసింది. చిన్నపిల్లలు మనం చెప్పినదాన్ని నమ్ముతారు. వాళ్ళ ఒంటి అవసరం కన్నా మన చెక్క ముక్క గొప్పదని కూడా నమ్ముతారు. ఆకలి, దాహం, మలమూత్రాలు, నొప్పి అనే ఈ నాలుగింటి మీదా ఏ నియమమూ పెట్టకూడదని నోటు పుస్తకం అట్ట లోపల రాసుకున్నాను.

మార్చినవి:

1. ఒకటో తరగతికి చెక్క ముక్క అక్కర్లేదు. లేచి వెళ్ళడమే.
2. రెండు, మూడు తరగతులకు రెండు చెక్క ముక్కలు. అవి లేకపోయినా అవసరమైతే వెళ్ళవచ్చు. ఎవరు బయట ఉన్నారో తెలియడానికే ఆ చెక్క.
3. దాహానికి బయటికి వెళ్ళకుండా డ్రమ్మును గదిలోనే పెట్టాం. 45 సెంటీమీటర్ల స్టూలు మీద పెడితే ఒకటో తరగతి పిల్లలకు కుళాయి అందింది. కింద బేసిను పెట్టకపోతే మధ్యాహ్నానికి నేల తడిసి జారుతుంది.
4. ఎండాకాలంలో నీళ్ళు తాగమని కొట్టే వాటర్ బెల్‌ను ఏడాదంతా కొట్టాం. అందరూ ఒకేసారి తాగితే మధ్యలో లేచేవాళ్ళు తగ్గారు.

3 నిమిషాలు 4 అయ్యాయి. ఆ నిమిషం పోతే పోనీ.

నిమిషాలు: 40. ఇప్పటిదాకా ఖర్చు: 560 రూపాయలు.

దశ 5: పెన్సిళ్ళు

డబ్బాలో గది పెన్సిళ్ళు పన్నెండు పెట్టి "తీసిన చోటే పెడదాం" అన్నాం. వారాంతానికి ఐదు మిగిలాయి. దొంగతనం అనే మాట గదిలోకి రానివ్వలేదు. డబ్బాలో చూస్తే ఎన్ని ఉన్నాయో తెలియదు, కాబట్టి లేనిది ఎవరికీ కనిపించదు. ఊళ్ళో వడ్రంగి మేస్త్రి ఒక దుంగ ముక్కకు పన్నెండు బెజ్జాలు వేసి ఇచ్చారు, డబ్బులు తీసుకోలేదు. బెజ్జం ఖాళీగా ఉంటే అందరికీ కనిపిస్తుంది. సాయంత్రం గంటకు ముందు ఆ వారం బాధ్యత ఉన్న పిల్ల దుంగ వైపు చూస్తుంది, అంతే. మరుసటి వారం పన్నెండుకు పదకొండు ఉన్నాయి. చెక్కడానికి చెత్తబుట్ట దగ్గర రెండు షార్పనర్లు దారంతో కట్టాం. 8 నిమిషాలు 3 అయ్యాయి.

నిమిషాలు: 35. ఇప్పటిదాకా ఖర్చు: 650 రూపాయలు.

దశ 6: భోజనం తరువాత

రెండు గదుల పిల్లలూ కలిసి తింటారు. కుళాయిలు నాలుగున్నా నీళ్ళు సరిగ్గా వచ్చేవి రెండే. కంచాలు కడిగే వరుసే ఆలస్యానికి కారణం. ఒకటో తరగతిని ముందు కూర్చోబెట్టి ముందు లేపాం. గదిలోకి ముందు వచ్చినవాళ్ళతో వెంటనే కథ మొదలుపెట్టాం. కథ తప్పిపోతుందని మిగతావాళ్ళు కుళాయి దగ్గర ఆడుకోవడం మానేశారు. 12 నిమిషాలు 7 అయ్యాయి. రెండు కుళాయిలతో అప్పటికి ఇంతకన్నా తగ్గలేదు.

నిమిషాలు: 30.

దశ 7: పేర్లు రాసే లీడరు, ఫిర్యాదులు (ఆగస్టు, సెప్టెంబరు)

మాస్టారు గదిలో లేనప్పుడు మాట్లాడినవాళ్ళ పేర్లు లీడరు బోర్డు మీద రాయడం మన బడుల్లో పాత అలవాటు. మళ్ళీ మాట్లాడితే పేరు పక్కన ఇంటూ గుర్తు. మా గదిలో కూడా ఉండేది. కొన్నాళ్ళు ఆ పేర్లను తుడవకుండా నోటు పుస్తకంలోకి ఎక్కించి చూశాను. లీడరు స్నేహితుల పేర్లు ఒక్కటీ లేవు. ఉసిరికాయలు పంచని వాడి పేరు రోజూ ఉంది. అన్నిటికన్నా బాధ కలిగించింది, ఆ పేర్లలో సగం పైన చదవడంలో వెనకబడిన పిల్లలవి కావడం. పని రానివాడే పక్కకు తిరిగి మాట్లాడతాడు. వాడికి కావలసింది సాయం, దొరికింది ఇంటూ గుర్తు.

లీడరు పదవి తీసేసి పనులు పంచాం. చెప్పుల వరుస, నీళ్ళ డ్రమ్ము, పెన్సిల్ దుంగ, నల్లబల్ల, కిటికీలు. ప్రతి సోమవారం పేర్లు మారతాయి. ఒకరి మీద ఒకరు అజమాయిషీ చేసే పని ఒక్కటీ పెట్టలేదు, అన్నీ వస్తువులను చూసుకునే పనులే.

ఇక ఫిర్యాదులు. "మాస్టారూ, వీడు నన్ను గిల్లాడు" అని మొదలైతే ఇద్దరి వాదం, ఇద్దరు సాక్షులు, తీర్పు. మొదట అన్ని ఫిర్యాదులూ భోజనం గంటకు ముందు ఒకేసారి వింటానని చెప్పాం. నిమిషాలు బాగా తగ్గాయి. అప్పటికి చాలా తగాదాలు వాళ్ళకే గుర్తుండేవి కావు. కానీ రెండో తరగతి అమ్మాయి ఒకతె మెట్ల మీద పడి మోచెయ్యి వాచినా భోజనం గంట దాకా చెప్పకుండా కూర్చుంది. చెక్క ముక్కతో వచ్చిన చిక్కే ఇక్కడ ఇంకొక రూపంలో వచ్చింది. ఆ పద్ధతిని ఆ రోజే ఆపేశాం.

ఇప్పుడున్న పద్ధతి:

1. ముందు ఎదుటివాడికే చెప్పాలి: "నాకు నచ్చలేదు, ఆపు." ఈ వాక్యాన్ని గట్టిగా, ముఖం చూసి చెప్పడం సాధన చేయించాం. మెల్లగా మాట్లాడే పిల్లలకు దీనికే నెల పట్టింది.
2. ఆగకపోతే మాస్టారికి.
3. దెబ్బ, రక్తం, నొప్పి, భయం, ఎవరైనా ఒంటి మీద చెయ్యి వేయడం, కులం పేరుతో పిలవడం: వీటికి ఒకటో మెట్టు లేదు. పాఠం మధ్యలోనైనా, ఎవరి గురించైనా, వెంటనే చెప్పాలి.

మూడోదానికి చార్టులో ఎర్ర రంగు బొమ్మ వేశాం, ప్రతి సోమవారం మళ్ళీ చెబుతాం. ఫిర్యాదులు తగ్గించడమనే లెక్కలో పడి పిల్లల నోరు మూయించకూడదు. ఈ దశను ఎవరైనా తీసుకుంటే మూడో మెట్టుతో కలిపే తీసుకోండి. లేకపోతే పాత పద్ధతిలోనే ఉండండి.

10 నిమిషాలు 6 అయ్యాయి.

ఇదే సమయంలో పిల్లలు ఒక మాట అడిగారు. పొద్దున మేం కూర్చున్నాక మాస్టారు ఫోను చూస్తారు కదా, అప్పుడు మేం ఏం చేయాలి అని. హాజరు, ఫొటోల పని అది. కొలిస్తే రోజుకు నిమిషం పైనే దానికి పోతోంది. ఆ పనిని ప్రార్థనకు ముందుకు జరిపాను. కుదురుకునే సమయం 6 నుంచి 5కి వచ్చింది.

నిమిషాలు: 25.

దశ 8: తప్పితే ఏమవుతుంది?

తాతయ్యలు అడిగే ప్రశ్న ఇదే. పాఠశాల యాజమాన్య కమిటీ సమావేశంలో ఒక పెద్దాయన, "మా రోజుల్లో కోదండం వేసేవారు మాస్టారూ, మీరు బెత్తమైనా పట్టుకోకపోతే ఎలా?" అన్నారు. కోదండం, తొడపాశం, గోడకుర్చీ, గుంజీళ్ళు: ఈ పాత శిక్షల పేర్లన్నీ ఆ సమావేశంలో బయటికి వచ్చాయి. విద్యా హక్కు చట్టం 17వ సెక్షను పిల్లలను శారీరకంగా శిక్షించడాన్ని, మానసికంగా వేధించడాన్ని రెండింటినీ నిషేధించిందని చెప్పాను. చట్టం చెబితే ఒప్పుకున్నట్టు తల ఊపారు కానీ మనసు మారలేదు. నోటు పుస్తకంలోని జూన్ లెక్క, సెప్టెంబరు లెక్క పక్కపక్కన చూపించాను. బెత్తం లేకుండానే రోజుకు 25 నిమిషాలు తిరిగి వచ్చాయి. "అంటే వారానికి రెండున్నర గంటలా?" అని ఆ పెద్దాయనే లెక్క కట్టారు. తరువాతి వారం ఆయనే వచ్చి విరిగిన కిటికీ రెక్కను బిగించారు.

మా దగ్గర తప్పితే జరిగేది ఒకటే, ఆ పని మళ్ళీ సరిగ్గా చేయడం. చెప్పులు విసిరేసి లోపలికి వస్తే వెనక్కి వెళ్ళి గీత మీద పెట్టి వస్తారు. తిట్టు లేదు, ఉపన్యాసం లేదు. ఒకే నియమాన్ని ఎక్కువమంది తప్పుతుంటే పిల్లలను వదిలి ముందు చోటును, వస్తువును, సమయాన్ని చూస్తాం. పైన రాసినవాటిలో చెప్పులు, పెన్సిళ్ళు, కుళాయిలు మూడూ అలా బయటపడినవే.

దశ 9: దసరా తరువాత

దసరా సెలవులు, ఆ వెంటనే వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. జిల్లా అంతా విజయనగరంలోనే ఉంటుంది. బడి మళ్ళీ నిండాక కొలిస్తే 38 నిమిషాలు. నియమాలు నిలవలేదని నిరాశపడాల్సిన పని లేదు. సెలవుల తరువాత ఎక్కాలు మరిచిపోతే తిట్టకుండా మళ్ళీ చెప్పిస్తాం కదా. నాలుగింటినీ మొదటి నుంచి, చప్పట్ల ఆటతో సహా నేర్పాం. వారానికి 25కి వచ్చింది. సంక్రాంతి తరువాత మాత్రం కొలవడానికి ముందే నేర్పేశాం, 28 దాటలేదు.

దసరా తరువాత ఇటుక బట్టీ పనికి వచ్చిన కుటుంబం నుంచి ఒక పాప మా గదిలో చేరింది. ఇంట్లో సవర అనే గిరిజన భాష మాట్లాడుతుంది, తెలుగు కొద్దిగానే వచ్చు. గీత, దరువు, దుంగ, ఎర్ర బొమ్మ: వీటిని చూసి రెండు రోజుల్లో గదిలో కలిసిపోయింది. చేసి చూపించగలిగే నియమాల వల్ల వచ్చిన మేలు ఇది. చదువు విషయానికి వస్తే అంత సులువు కాదు. మాకు దగ్గర్లోని పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి గారు వందేళ్ళకు ముందే సవర నేర్చుకుని, సవర పిల్లలకు వాళ్ళ భాషలోనే వాచకాలు రాశారు. నేను ఆ పాప దగ్గర ఇప్పటికి అంకెలు నేర్చుకున్నాను. "నచ్చలేదు, ఆపు" అన్న వాక్యాన్ని ఆమె తన భాషలో చెబితే గదిలో అందరూ నేర్చుకున్నారు.

ఫిబ్రవరి లెక్క

కుదురుకోవడం: 5
వెతుక్కోవడం: 3
నీళ్ళు, బయటికి: 4
భోజనం తరువాత: 6
ఫిర్యాదులు: 4
మొత్తం: 22

రోజుకు 28 నిమిషాలు మిగిలాయి. ఏడాదంతా ఇలా నిలిస్తే 200 రోజులకు 5,600 నిమిషాలు, అంటే 93 గంటల 20 నిమిషాలు. మొత్తం ఖర్చు 650 రూపాయలు. మిగిలిన సమయాన్ని రెండుగా విడదీశాం. సగం ఒకటో తరగతికి గుణింతాలు, సగం చదవడంలో వెనకబడిన పిల్లలతో పక్కన కూర్చుని చదివించడం. బోర్డు మీద రోజూ పేరు పడిన పిల్లల్లో ముగ్గురు ఇప్పుడు రెండో తరగతి వాచకం తడబడకుండా చదువుతున్నారు.

మిగిలిన పనులు

1. వాన రోజుల్లో ఆఖరి పీరియడు ఇంకా చెదిరిపోతోంది. ఆటకు బయటికి వెళ్ళలేని పిల్లలను కూర్చోబెట్టడం తప్పు. వరండాలో ఆడించడానికి పెయింటుతో తొక్కుడుబిళ్ళ గళ్ళు వేయాలి. చెప్పుల గీతకు తగలకుండా చోటు కొలవాలి.
2. మిగతా రెండు కుళాయిల బాగు గురించి కమిటీ తీర్మానం రాసింది. అవి వస్తే భోజనం తరువాతి 6 నిమిషాలను మళ్ళీ కొలవాలి.
3. పసుపు గీత గుమ్మం వైపు అరిగిపోయింది. వేసవి సెలవుల్లో రెండు పూతలు వేయాలి.
4. జూన్ 12న బడి తెరిచాక మొదటి వారం కొత్త ఒకటో తరగతికి నియమాలు నేర్పేది ఇప్పటి ఒకటో తరగతి పిల్లలే. ఎవరు ఏది చూపించాలో ఏప్రిల్‌లోనే పంచుకోవాలి. చెక్క ముక్క కోసం ఆగిన ఆ బాబు నీళ్ళ డ్రమ్ము, బయటికి దారి తాను చూపిస్తానని ఇప్పటికే అడిగి తీసుకున్నాడు.